ఫోను తీసినవాళ్ళు, కాగితం అడిగినవాళ్ళు

(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరు చెడకుండా, కొద్దిపాటి సవరణలతో ఇక్కడ ఇస్తున్నాం.)

 

నన్ను మాట్లాడమన్న విషయం ఇది. ఇమిగ్రేషన్ వాళ్ళు వచ్చి ఎవరినైనా పట్టుకుపోతుంటే మనం ఫోనులో తీయొచ్చా? తీస్తే మనకేమవుతుంది? ఆ రోజు ఏం జరిగిందో ప్రభుత్వం దగ్గరున్న కాగితాలు, వీడియోలు మనం అడగొచ్చా? అడిగినా ఇవ్వకపోతే ఏం చేయాలి?

ముందే చెబుతున్నాను, నేను లాయరును కాను. చాలా ఏళ్ళు ఇండియన్ గ్రోసరీలో బిల్లింగు కౌంటర్ దగ్గర నిలబడ్డవాణ్ణి. ఇప్పుడు ఒక ఇమిగ్రేషన్ లాయరుగారి ఆఫీసులో తెలుగు తర్జుమా, కాగితాల పని చేస్తున్నాను. ఈ పనిలోకి ఎందుకొచ్చానో చెబితే మీకు విషయం సగం అర్థమవుతుంది.

2019 మార్చి. ఆ జనవరిలోనే మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ గొడవ బయటపడింది. అది యూనివర్సిటీయే కాదు, ఇమిగ్రేషన్ శాఖ తానే పెట్టిన ఉత్తుత్తి కాలేజీ అని తెలిసింది. చేరిన దాదాపు 600 మందిలో ఎక్కువమంది మనదేశం పిల్లలే, అందులో మన తెలుగువాళ్ళు ఎంతోమంది. ఆ రోజుల్లో ఇక్కడ మనవాళ్ళ ఇళ్ళల్లో ఎంత భయం ఉండేదో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. తలుపు తడితే టీవీ సౌండు తగ్గించేవాళ్ళం.

ఆ మార్చిలో ఒకరోజు పొద్దున మా కొట్టు వెనక పార్కింగులో, పక్క రెస్టారెంటు వంటింట్లో పనిచేసే అబ్బాయిని తీసుకుపోయారు. నిజామాబాద్ వైపు పిల్లవాడు. నన్ను 'అన్నా' అని పిలిచేవాడు, సాయంత్రం టీ తాగేటప్పుడు ఊరి ముచ్చట్లు చెప్పేవాడు. బోర్డు లేని రెండు బండ్లు వచ్చాయి. మేం నలుగురం అక్కడే ఉన్నాం, నలుగురి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. నేనొక్కణ్ణే తీశాను, ఓ నలభై సెకన్లు. ఒక ఆఫీసరు నా వైపు వేలు చూపించి ఆపమన్నాడు. ఆపాను. బండ్లు వెళ్ళిపోయాక కూడా గుండె దడ తగ్గలేదు. నా గ్రీన్ కార్డు ఇంకా లైన్లో ఉంది, ఇద్దరు పిల్లలు. ఎవరూ అడక్కుండానే, నా చేత్తో నేనే ఆ వీడియో చెరిపేశాను.

రెండు నెలల తర్వాత ఆ అబ్బాయి లాయరు మా కొట్టుకు వచ్చారు. "మీలో ఎవరైనా వీడియో తీశారా?" అని అడిగారు. అధికారుల రిపోర్టులో అబ్బాయిని పేరు అడిగారనీ, వాడు పారిపోబోయాడనీ ఉందట. నేను చూసింది వేరు. ముందు చేతులు పట్టుకున్నారు, పేరు తర్వాత అడిగారు. వాడు పరుగెత్తలేదు. చేతిలో ఉల్లిపాయల బస్తా ఉన్నవాడు ఎక్కడికి పరుగెత్తుతాడు? ఆ మాట లాయరుకు చెప్పాను. "చెప్పడం మంచిదే, వీడియో ఉండుంటే ఇంకా మంచిది" అన్నారాయన. కొట్టు కెమెరా రికార్డింగు చూద్దామంటే రెండు వారాలకే దాని మీద కొత్తది రికార్డయిపోయింది. నా ఫోనులో చెరిపిన వీడియో 'రీసెంట్లీ డిలీటెడ్' అనే ఫోల్డరులో నెల రోజులు ఉంటుందన్న సంగతి కూడా నాకు అప్పుడే తెలిసింది. నెల ఎప్పుడో దాటిపోయింది.

లాయరు ఫైలు కోసం సర్కారుకు రాశారు. ఫైలు రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. అప్పటికి వాడు లోపల ఉండలేక, స్వయంగా వెళ్ళిపోతానని ఒప్పుకొని ఊరికి వెళ్ళిపోయాడు. వచ్చిన కాగితాల్లో సగం నల్ల సిరా పూసి ఉన్నాయి.

అప్పుడు నాకు రెండు సంగతులు బుర్రకెక్కాయి. తీసింది ఉంచుకోవాలి. వాళ్ళు రాసుకున్నది అడగాలి. ఇవాళ నేను చెప్పేదంతా ఈ రెండింటి గురించే.

తీసే హక్కు

ఈ దేశంలో బహిరంగ స్థలంలో, తమ డ్యూటీ చేస్తున్న పోలీసులను ఫొటో, వీడియో తీయడం రాజ్యాంగం మొదటి సవరణ ఇచ్చే హక్కు అని చాలా ఫెడరల్ అప్పీలు కోర్టులు చెప్పాయి. సుప్రీం కోర్టు మాత్రం ఇప్పటిదాకా నేరుగా ఈ ప్రశ్న మీద తీర్పు ఇవ్వలేదు.

2007లో బాస్టన్ కామన్ పార్కులో పోలీసులు ఒక మనిషిని పట్టుకుంటుంటే సైమన్ గ్లిక్ అనే ఆయన సెల్‌ఫోనులో తీశాడు. దొంగచాటు రికార్డింగు చట్టం కింద ఆయన్నే అరెస్టు చేశారు. ఆయన తిరిగి దావా వేశాడు. 2011లో అప్పీలు కోర్టు ఆయన పక్షాన నిలిచింది, మరుసటి ఏడాది నగరం 1,70,000 డాలర్లు చెల్లించింది.

మనం ఉన్న న్యూజెర్సీ, పక్కనున్న పెన్సిల్వేనియా, డెలావేర్ ఒకే అప్పీలు కోర్టు కిందికి వస్తాయి. టెంపుల్ యూనివర్సిటీ విద్యార్థి ఒకతను రోడ్డుకు అవతల నిలబడి పోలీసులను ఐఫోనుతో ఒకే ఒక్క ఫొటో తీశాడు. అతన్ని పట్టుకున్నారు. ఆ కేసులోనే 2017లో ఈ కోర్టు, తీసే హక్కు ఉందని చెప్పింది. కానీ హక్కు అప్పటికి స్పష్టంగా స్థిరపడలేదంటూ ఆ పోలీసులను మాత్రం వదిలేసింది. ఆ కుర్రవాడు పడ్డ కష్టం వల్ల తర్వాతివాళ్ళకు దారి పడింది.

ఇవి పోలీసుల కేసులు. మరి ఇమిగ్రేషన్ వాళ్ళ సంగతి? కాలిఫోర్నియా సరిహద్దులో ఇద్దరు ఫొటోలు తీశారు. 2010లో ఒకరు శాన్ ఇసిడ్రోలో, 2012లో ఇంకొకరు కలెక్సికోలో. మగ ఆఫీసర్లు ఆడవాళ్ళను తనిఖీ చేస్తున్నారని ఒకరు తీశారు, లైన్లో ఆగిన బండ్ల పొగ గురించి రెండోవారు తీశారు. ఇద్దరినీ ఆపి, ఫొటోలు చెరిపేశారు. ఆ ఇద్దరూ కలిసి హోంలాండ్ సెక్యూరిటీ శాఖ మీద కోర్టుకెళ్ళారు. దీన్నే ఆస్కిన్స్ కేసు అంటారు. కింది కోర్టు కొట్టేస్తే, 2018లో అప్పీలు కోర్టు మళ్ళీ నిలబెట్టింది. దేశభద్రత అని ఊరికే ఒక్క మాట అంటే సరిపోదు, ఎందుకు ఆపుతున్నారో ప్రభుత్వం నిరూపించాలని చెప్పింది. 2020లో రాజీ కుదిరింది. భూసరిహద్దు చెక్‌పోస్టుల దగ్గర జనం తిరిగే చోటు నుంచి తీసేవాళ్ళను అడ్డుకోబోమని ప్రభుత్వం ఒప్పుకొంది. మొదటి ఫొటో నుంచి రాజీ దాకా పదేళ్ళు.

ఇక ఇప్పటి మాట. 2025 జూలైలో హోంలాండ్ సెక్యూరిటీ కార్యదర్శి హోదాలో క్రిస్టీ నోమ్, అధికారులు ఉన్నచోట వాళ్ళను వీడియో తీయడం కూడా హింస కిందికే వస్తుందన్నట్టు మాట్లాడారు. అలా మాట్లాడినంత మాత్రాన అది చట్టం అయిపోదు. కానీ ఆ మాట విన్న ఆఫీసరు రేపు మన ముందు ఎలా నడుచుకుంటాడన్నది వేరే ప్రశ్న.

అదే ఏడాది షికాగోలో విలేకరులు, నిరసనకారులు కలిసి కోర్టుకెళ్ళారు. జడ్జి సారా ఎల్లిస్ అక్టోబరులో అధికారులను కట్టడి చేస్తూ ఉత్తర్వు ఇచ్చారు, బాడీ కెమెరాలు ఉన్నవాళ్ళు వాటిని ఆన్ చేసి ఉంచాలన్నారు. రాయి తగిలాకే బాష్పవాయువు వదిలానన్న కమాండరు మాట నిజం కాదని వీడియోల వల్లే తేలింది. నవంబరులో పై కోర్టు ఆమె ఉత్తర్వు పరిధి మరీ ఎక్కువైందని నిలిపివేసింది. ఉత్తర్వు ఆగింది గానీ, వీడియోలో కనబడింది ఆగలేదు.

ప్రమాదం ఎంత

ఇక్కడ మీతో నిజాయితీగా మాట్లాడాలి. హక్కు ఉందని చెప్పి మిమ్మల్ని ముందుకు తోసి, నేను వెనక నిలబడితే అది సంక్షేమం అనిపించుకోదు.

2026 జనవరి 24న మినియాపోలిస్‌లో అలెక్స్ ప్రెట్టి అనే నర్సు, చేతిలో ఫోనుతో అధికారులను తీస్తూ, వాళ్ళ కాల్పుల్లో చనిపోయాడు. అతను ఈ దేశ పౌరుడు. అక్కడ ఏం జరిగిందన్నది లోకానికి తెలిసింది కూడా చుట్టుపక్కలవాళ్ళు తీసిన వీడియోల వల్లే. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టుకొని ఆలోచించండి.

ఇంకోటి. ఫెడరల్ అధికారి మన హక్కు కాలరాస్తే, అతని మీద వ్యక్తిగతంగా నష్టపరిహారం దావా వేయడం దాదాపు మూసుకుపోయిన దారి. 2022లో ఎగ్‌బర్ట్ కేసులో సుప్రీం కోర్టు ఆ తలుపు ఇంకాస్త బిగించింది. కాబట్టి "ఏమైనా అయితే దావా వేసి డబ్బు రాబడతాం" అన్న ధీమా పెట్టుకోకండి.

అందుకే నా సలహా ఇది. కాగితాలు సరిగా లేనివాళ్ళు, కేసు నడుస్తున్నవాళ్ళు, వీసా మార్పు మధ్యలో ఉన్నవాళ్ళు తాము తీయకుండా పక్కనున్న పౌరుడికో, గ్రీన్ కార్డు ఉన్నవారికో చెప్పండి. మీరు చూసింది ఇంటికెళ్ళాక ఆ రాత్రే తెలుగులోనే రాసి పెట్టండి: ఎన్ని గంటలకు, ఎంతమంది, ఏ బండి, ఏం మాట అన్నారు. సాక్షి రాసుకున్న కాగితానికి కూడా విలువ ఉంటుంది. ఆ రోజు నేను అదీ చేయలేదు.

తీయగలిగినవాళ్ళు ఈ నాలుగు గుర్తుపెట్టుకోండి.

ఒకటి, దూరం. అడ్డం పడకండి, ముట్టుకోకండి, పట్టుకున్న మనిషిని లాగకండి, దాచకండి. అధికారి పనికి బలవంతంగా అడ్డుపడటం ఫెడరల్ నేరం. వెనక్కి జరగమంటే జరగండి, జరుగుతూ తీయండి. "జరుగుతున్నాను, తీస్తున్నాను" అని ఇంగ్లీషులో మెల్లగా చెప్పండి. కొట్టు లోపలైతే యజమాని స్థలం, ఆయన ఆపమంటే ఆపాలి.

రెండు, ఏం తీయాలి. బండి నంబరు, చేతి మీదో ఛాతీ మీదో ఉన్న బ్యాడ్జి, పక్కనున్న కొట్టు బోర్డు. తేదీ, టైము, చోటు నోటితో చెప్పండి. పట్టుబడినవాళ్ళ ముఖం మీదే కెమెరా పెట్టకండి. వెంటనే లోకానికంతా పంచకండి. ముందు ఆ కుటుంబానికి, వాళ్ళ లాయరుకు ఇవ్వండి. వాళ్ళు ఒప్పుకుంటేనే బయటకు.

మూడు, ఫోను. వేలిముద్ర, ముఖం లాకు తీసేసి నంబరు లాకు పెట్టుకోండి. అరెస్టయినవాళ్ళ ఫోను లోపల వెతకాలంటే వారంటు కావాలని 2014లో సుప్రీం కోర్టు రైలీ కేసులో చెప్పింది. ఎయిర్‌పోర్టులో, సరిహద్దులో మాత్రం లెక్క వేరు. అక్కడ వారంటు లేకుండానే ఫోను చూస్తారు, ఇమిగ్రేషన్ లైన్లో వీడియో తీయనివ్వరు. అక్కడ తీయకండి.

నాలుగు, చెరపకండి. వాట్సాప్‌లో పంపినది చాలనుకోకండి. వాట్సాప్ వీడియోను కుదించేస్తుంది. ఫోనులో ఉన్న అసలు ఫైలు అలాగే ఉంచి, ఇంకోచోట కాపీ పెట్టండి. కొట్టులో కెమెరా ఉంటే ఆ రోజే యజమానిని అడిగి రికార్డింగు దాచమనండి. రెండు వారాల కథ మీకు చెప్పాను కదా.

కాగితం అడిగే హక్కు

మన ఊళ్ళలో సమాచార హక్కు చట్టం గురించి మీకు తెలుసు. 2005లో వచ్చింది. పది రూపాయలు కట్టి దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే మొదటి అప్పీలు, తర్వాత సమాచార కమిషన్. రేషన్ షాపు లెక్కల నుంచి రోడ్డు కాంట్రాక్టు దాకా ఎంతోమంది మామూలు మనుషులు దాంతో నిలదీశారు.

ఇక్కడ దానికి పెద్దన్న ఉన్నాడు, ఫోయా అంటారు. 1966లో సంతకమైన చట్టం. పౌరుడే అడగాలని లేదు, ఎవరైనా అడగొచ్చు. 20 పనిదినాల్లో జవాబివ్వాలి, కష్టమైన దరఖాస్తయితే మరో పది. కాదంటే 90 రోజుల్లోగా అప్పీలు. ఇక్కడ కమిషన్ లేదు, అప్పీలు తర్వాత నేరుగా ఫెడరల్ కోర్టే. గడువు దాటినా జవాబే రాకపోతే అప్పీలు దాకా ఆగకుండా దావా వేయొచ్చు. కోర్టు ఫీజు 405 డాలర్లు. మనం గెలిస్తే మన లాయరు ఖర్చు ప్రభుత్వంతో కట్టించమని కోర్టును అడగొచ్చు. అందుకే కొన్ని సంస్థల లాయర్లు ఈ కేసులు మన దగ్గర డబ్బు తీసుకోకుండా చేస్తారు.

ప్రభుత్వం దాచుకోవడానికి చట్టంలో తొమ్మిది మినహాయింపులున్నాయి. పోలీసు, ఇమిగ్రేషన్ కాగితాల్లో ఎక్కువగా వాడేవి రెండు: ఇతరుల ఆంతరంగికత, దర్యాప్తు పద్ధతుల రహస్యం. నల్ల సిరా వీటి పేరుతోనే పూస్తారు. కోర్టుకెళ్తే మాత్రం ఏ కాగితం ఎందుకు దాచారో వరసగా జాబితా రాసి ఇవ్వాల్సి ఉంటుంది. ఆ జాబితా చూసి జడ్జి సిరా తుడిపించిన సందర్భాలున్నాయి.

మనలాంటి కూలీలు కూడా ఇలా కోర్టుకెళ్ళి గెలిచారు. పొద్దున్నే రోడ్డు మూలన నిలబడి పని కోసం ఎదురుచూసే దినకూలీల సంఘాల కూటమి, నేషనల్ డే లేబరర్ ఆర్గనైజింగ్ నెట్‌వర్క్, 2010లో మరికొందరితో కలిసి ఇమిగ్రేషన్ శాఖ మీద ఫోయా దావా వేసింది. సెక్యూర్ కమ్యూనిటీస్ అనే పథకం గురించి. లోకల్ పోలీసులు ఎవరినైనా పట్టుకుంటే వేలిముద్రలు ఇమిగ్రేషన్ వాళ్ళకు వెళ్ళేవి. రాష్ట్రాలు ఇష్టం లేకపోతే బయట ఉండొచ్చా, తప్పనిసరిగా చేరాలా అని అడిగితే ప్రభుత్వం ఒక్కోచోట ఒక్కో మాట చెప్పింది. దావా వల్ల వాళ్ళ లోపలి ఈమెయిళ్ళు బయటకొచ్చాయి. ప్రజలను తప్పుదోవ పట్టించడానికి శాఖ పనిగట్టుకు ప్రయత్నించిందనడానికి బోలెడు ఆధారం ఉందని జడ్జి షీరా షైండ్లిన్ 2011లో రాశారు. 2014లో ఆ పథకం ఆపేశారు. 2017లో మళ్ళీ తెచ్చారు. గెలుపు అంటే ఎప్పటికీ నిలిచిపోయేదని అనుకోకండి, కానీ ఆ మధ్య ఏళ్ళల్లో ఎన్ని ఇళ్ళు నిలబడి ఉంటాయో ఊహించండి.

రెండోది మనకు ఇంకా దగ్గర. మనలో చాలామంది పేరు మీద సర్కారు దగ్గర ఒక ఫైలు ఉంటుంది, ఏ-ఫైలు అంటారు. దాని కోసం నెలలకు నెలలు తిప్పేవాళ్ళు. ఒక శాఖ ఇంకో శాఖకు పంపేది, ఆ శాఖ దగ్గర కుప్ప పడేది. మా అబ్బాయి ఫైలు ఎనిమిది నెలలు పట్టింది అందుకే. 2019లో కాలిఫోర్నియాలో లాయర్లు, వలసదారులు కలిసి అందరి తరఫున దావా వేశారు, నైటింగేల్ కేసు. 2020 డిసెంబరులో జడ్జి, ఇది చట్టాన్ని ఉల్లంఘించడమేనని చెప్పి, పేరుకుపోయిన దరఖాస్తులు 60 రోజుల్లో తేల్చమన్నారు, మూడు నెలలకోసారి లెక్క చూపమన్నారు. ఆ తీర్పు వాడికి ఒక ఏడాది ఆలస్యంగా వచ్చింది. తర్వాత మా ఆఫీసు నుంచి పెట్టిన దరఖాస్తులకు అది పనికొచ్చింది.

ఇప్పుడు తీయడం గురించే ఇలాంటి దావాలు నడుస్తున్నాయి. ఇమిగ్రేషన్ అధికారులు కనబడితే జనానికి తెలియజేసే ఐస్‌బ్లాక్ అనే యాప్‌ను 2025 అక్టోబరులో ఆపిల్ తీసేసింది. ప్రభుత్వం కంపెనీల మీద ఏ ఒత్తిడి తెచ్చింది, ఏం రాసింది, చూపించండి అని ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ నవంబరులో ఫోయా దావా వేసింది. మనం కెమెరాతో వాళ్ళను చూసే హక్కును వాళ్ళు లోపల ఎలా చూస్తున్నారో తెలియాలంటే, దారి ఈ కాగితాలే.

మనం చేయాల్సింది

ఎవరినైనా పట్టుకుపోతే, ఆ ఇంటివాళ్ళు మొదట లాయరుతో మాట్లాడండి. కాగితాలు లేనివాళ్ళు తమ చిరునామా రాసి సొంతంగా దరఖాస్తు పెట్టే ముందు తప్పక అడగండి. తర్వాత వేర్వేరు చోట్ల వేర్వేరు దరఖాస్తులు. ఏ-ఫైలుకు యూఎస్‌సీఐఎస్‌కు, ఆన్‌లైన్‌లో. అరెస్టు రిపోర్టు, బాడీ కెమెరా వీడియోకు ఐస్‌కు. దేశంలోకి వచ్చి వెళ్ళిన రికార్డుకు సీబీపీకి. లోకల్ పోలీసులు కూడా ఉంటే అది రాష్ట్ర చట్టం, న్యూజెర్సీలో ఓప్రా అంటారు, మామూలుగా ఏడు పనిదినాల గడువు. పట్టుబడిన మనిషి సంతకంతో ఒప్పుకోలు కాగితం జత చేయాలి, అది లేకపోతే తిప్పి పంపుతారు.

వచ్చిన కాగితాల్లో ముందు ఐ-213 అనే ఫారం వెతకండి. ఆఫీసరు ఆ రోజు ఏం జరిగిందని రాశాడో అందులోనే ఉంటుంది. దాని పక్కన మీ వీడియో, మీ రాత పెట్టి చూడండి. టైము సరిపోయిందా? ఎవరు ముందు ఏమన్నారు? తేడా కనబడితే లాయరుకు చూపించండి.

'అడిగితే మన పేరు వాళ్ళకు తెలిసిపోతుంది' అని భయపడేవాళ్ళున్నారు. ఆ భయం తప్పని నేనెలా అంటాను? చేతిలో ఉన్న వీడియో చెరిపేసుకున్న మనిషిని. ఒక్కరే అడగలేకపోతే మన వేదిక ద్వారా అడుగుదాం. దరఖాస్తు రాయడానికి నెలకో ఆదివారం నేను, నాతో ఇంకో ఇద్దరం కూర్చుంటాం. తెలుగులో చెప్పండి, ఇంగ్లీషులో మేం రాస్తాం.

ఆ అబ్బాయి ఇప్పుడు ఊళ్ళోనే ఉన్నాడు. కిందటి దసరాకు ఫోను చేశాడు. "అన్నా, ఆ రోజు నువ్వు తీసినవ్ కదా, నేను చూసిన" అన్నాడు. ఏం చెప్పాలో తెలియలేదు. నిజం చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. "పోనీలే అన్నా, నీకు పిల్లలున్నరు కదా" అన్నాడు. తిట్టినా బాగుండేది.

మీలో ఎవరికీ ఆ మాట వినాల్సిన రోజు రాకూడదని ఇదంతా చెప్పాను. మన దరఖాస్తుల ఆదివారం ఎప్పుడో గుమ్మం దగ్గర కాగితం మీద రాసి ఉంది, వెళ్ళేటప్పుడు ఫొటో తీసుకోండి. అది మాత్రం ఎవరూ ఆపమనరు.